చేపలు తెల్లవారుజామునే ఎందుకు చచ్చాయి? విజయనగరం జిల్లాలో ఒక గెడ్డ కేస్ స్టడీ

ఊరి పేరు, గెడ్డ పేరు, మిల్లు ఎవరిది అన్న సంగతి ఇక్కడ రాయడం లేదు. ఏ సంవత్సరమో కూడా చెప్పను. ఈ ప్రాంతంలో ఇలాంటి గెడ్డలకు, ఇలాంటి తగాదాలకు కొదవ లేదు కాబట్టి ఆ వివరాలు లేకపోయినా కేసుకు లోటు రాదు. నీటి నాణ్యతనూ అందులోని జీవులనూ పరిశీలించే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు, ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో తెలిస్తే ఉపయోగంగా ఉంటుందని రాస్తున్నాను.

నేపథ్యం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చిన్న ఏరును గెడ్డ అంటారు. తూర్పు కనుమల వాలులో పుట్టి కొన్ని నాగావళిలో, కొన్ని చంపావతిలో కలుస్తాయి. కొన్ని నేరుగా సముద్రంలోకి పోతాయి. మన గెడ్డ నాగావళి వైపుది. కొండ దిగిన చోట రాళ్ల మీద పరుగెడుతుంది, ఆ తర్వాత అంతా ఇసుకే. నైరుతి వానలకు నిండుతుంది, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు వస్తే మరోసారి పొంగుతుంది, వేసవిలో మడుగులుగా మిగులుతుంది.

గట్ల వెంట వరి, కాస్త మెరక మీద గోగు. గోగునార ఈ రెండు జిల్లాల్లో పాత పంట. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం దీని మీద చాలాకాలంగా పనిచేస్తోంది. సాగు మునుపటితో పోలిస్తే బాగా తగ్గింది. అయినా వర్షాధారపు మెట్టలో చిన్న రైతు చేతికి నగదు ఇచ్చే పంటల్లో ఇదొకటి. పూత దశలో కోసి, కట్టలు కట్టి, రెండు మూడు వారాలు నీళ్లలో ఊరవేసి, నార తీస్తారు. ఊరవేయడానికి నీరు కావాలి, ఆ నీరు గెడ్డలో ఉంటుంది.

పై నుంచి కిందికి వరస ఇదీ: ముందు కొండదిగువ రాళ్ల భాగం. తర్వాత గోగు ఊరవేసే మడుగులు. ఆ తర్వాత ధాన్యం ఉడకబెట్టే రైస్ మిల్లు కాలువ వచ్చి కలుస్తుంది. దాని కింద చెక్‌డ్యాం, చెక్‌డ్యాం వెనక పెద్ద మడుగు. చేపలు చచ్చింది ఈ పెద్ద మడుగులో. ఈ వరస గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే నడుస్తుంది.

సమస్య

అక్టోబరులో ఒక వాయుగుండం రెండు రోజులు మబ్బు పట్టించి, కాస్త వాన కురిపించి పోయింది. మర్నాడు ఉదయం మడుగు నిండా చేపలు తేలాయి. మిల్లువాళ్లు వాన చాటున వ్యర్థాలు వదిలారని ఊరంతా అనుకున్నారు. ఆ అనుమానం అన్యాయమైనదేమీ కాదు. మిల్లు కాలువ నీరు పుల్లటి వాసన వేస్తుందన్నది నిజం, అది మడుగు పైనే కలుస్తుందన్నదీ నిజం.

మడుగులో చేపల హక్కు ఉన్న సంఘం మమ్మల్ని పిలిచే నాటికి ఒక విడత పరీక్షలు అయిపోయాయి. ఎవరో వచ్చి మూడు చోట్ల సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. నివేదిక కూడా వచ్చింది. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 7 మిల్లీగ్రాముల పైన, పీహెచ్ మామూలే, బీవోడీ (నీటిలోని చెత్తను కుళ్లించడానికి బాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) కాస్త ఎక్కువ, మాంగనీసు మాత్రం హద్దు దాటింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో చేపలకు, వన్యప్రాణులకు పనికొచ్చే నీటిది డి తరగతి. అందులో కరిగిన ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి, పీహెచ్ 6.5కూ 8.5కూ మధ్య ఉండాలి, ఉచిత అమ్మోనియా నైట్రోజన్ లెక్కన 1.2 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ లెక్కలో ఆ మడుగు పాసైంది. చేపలు చచ్చిన మడుగు చేపలకు అనుకూలమని కాగితం మీద ఉంది.

ఆ కాగితం తప్పు అని నేను అనలేదు. ప్రయోగశాల తనకు వచ్చిన సీసాను సరిగానే కొలిచి ఉంటుంది. నేను అడిగింది ఒక్కటే: సీసా ఎన్ని గంటలకు ముంచారు? నివేదికలో సమయం లేదు, నీటి ఉష్ణోగ్రత లేదు. ఉదయం పదకొండు దాటాక జీపు వచ్చిందని ఊళ్లోవాళ్లు చెప్పారు.

చచ్చిన చేపలు చెప్పిన సాక్ష్యం

పరికరాలు తీయకముందు మనుషులతో మాట్లాడాం. చేపలు చచ్చి రోజులు గడిచాయి కాబట్టి మిగిలిన సాక్ష్యం చూసినవాళ్ల కళ్లలోనే ఉంది. "ఏం చచ్చాయి?" అని అడిగితే "అన్నీ చచ్చాయి" అంటారు. అందుకని ఒక్కో చేప పేరు చెప్పి అడిగాం.

పరిగెలు చచ్చాయి. జెల్లలు చచ్చాయి. చెరువు తెగి ఎప్పుడో గెడ్డలోకి వచ్చి పెరిగిన బొచ్చె, శీలావతి చచ్చాయి, అందులోనూ పెద్దవి ముందు తేలాయి. కొరమీను? "కొరమీనుకేం మాస్టారూ, ఆ రోజే రెండు పట్టాం" అన్నాడు ఒక పెద్దాయన. మార్పు చేపలూ బతికే ఉన్నాయట. పీతలు, రొయ్యలు తెల్లవారేసరికి గట్టు మీదికి పాకి ఉన్నాయని బట్టలు ఉతికే ఆవిడ చెప్పింది. చచ్చిన చేపల నోళ్లు తెరిచి ఉన్నాయని ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా అన్నారు.

కొరమీను, మార్పు పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేపలు. నీటిలో ఆక్సిజన్ పడిపోతే వాటికి ఇబ్బందే గాని ప్రాణం పోదు. పురుగుమందో మరో విషమో కలిస్తే ఈ తేడా ఇంత స్పష్టంగా ఉండదు, గాలి పీల్చే చేపకూ విషం విషమే. పైగా రొయ్యల వంటి జీవులు పురుగుమందులకు మహా సున్నితం. అవి గట్టెక్కేంతవరకు కూడా ఆగవు. పెద్ద చేప ముందు చావడం, నోరు తెరిచి చావడం, పీతలూ రొయ్యలూ గట్టెక్కడం, తెల్లవారుజామునే జరగడం, నాలుగూ ఊపిరాడకపోవడాన్నే చూపిస్తున్నాయి. ఇది రుజువు కాదు. కాని తర్వాత ఏం కొలవాలో, ఎప్పుడు కొలవాలో నిర్ణయించుకోవడానికి చాలు. ఖరీదైన పురుగుమందుల పరీక్షలను ఈ దశలో పక్కన పెట్టి, ఆ డబ్బును రాత్రి కొలతలకు మళ్లించాం.

రాత్రంతా కొలిస్తే

పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, దానితోపాటు చేపలు, బాక్టీరియా, అడుగున కుళ్లే చెత్త, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. పారే నీటిలో ఈ ఎగుడుదిగుడు తక్కువ, ఎందుకంటే గాలి నుంచి ఎప్పటికప్పుడు భర్తీ అవుతుంటుంది. నిలిచిన మడుగులో, వరి పొలాల నుంచి యూరియా దిగే మడుగులో, ఇది చాలా ఎక్కువ. కాబట్టి మడుగుకు ఆక్సిజన్ ఎంత అని అడగడంలో అర్థం లేదు. తెల్లవారుజామున ఎంత అన్నదే చేపకు సంబంధించిన ప్రశ్న.

సాయంత్రం మొదలుపెట్టి మర్నాడు మధ్యాహ్నం వరకు రెండేసి గంటలకు ఒకసారి, మడుగు పైపొరలోనూ అడుగునా, అలాగే ఊర మడుగులకు ఎగువన పారే నీటిలోనూ కొలిచాం. మీటరు ఉన్నా వింక్లర్ పద్ధతిలో కూడా చేశాం. మీటరు మీద నమ్మకం లేక కాదు, ఊరివాళ్లు కళ్లారా చూస్తారని. సీసాలో మాంగనస్ సల్ఫేటు, క్షార అయోడైడు వేసి మూత పెట్టి తిప్పితే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి పడుతుంది. ఆక్సిజన్ లేకపోతే మడ్డి తెల్లగా ఉండిపోతుంది. తెల్లవారుజామున ఎగువ నీటి సీసా ముదురు గోధుమరంగులో ఉంది, మడుగు అడుగు సీసా తెల్లగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి టార్చిలైటు వేశాం. అంకెలతో పట్టే గంట ఉపన్యాసం అక్కడ అక్కర్లేకపోయింది.

అంకెలూ చెప్పాలి కదా. ఎగువన రాత్రంతా 6కు అటూ ఇటూగా నిలకడగా ఉంది. మడుగు పైపొరలో మధ్యాహ్నం మూడింటికి 10 దాటింది, తెల్లవారుజామున 2 కన్నా తక్కువకు దిగింది. ఇక్కడ కొత్తవాళ్లు గమనించాల్సింది ఆ 10ని. 30 డిగ్రీల నీరు గాలితో సమతౌల్యంలో ఉంటే పట్టగల ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. అంతకన్నా అంత ఎక్కువ ఉందంటే నాచు విపరీతంగా పనిచేస్తోందని అర్థం, రాత్రికి ఆ నాచే తినేవాడవుతుంది. మరీ మంచి అంకె కనబడితే సంతోషించకూడదు, అనుమానించాలి. ఉష్ణోగ్రత రాయకుండా ఆక్సిజన్ అంకె రాస్తే ఈ అనుమానానికి తావే ఉండదు.

వాయుగుండం రెండు రోజులు ఎండ లేకుండా చేసింది కాబట్టి పగటి ఉత్పత్తి పడిపోయింది. కురిసిన కొద్దిపాటి వాన గెడ్డను పారించేంత కాదు, ఎగువన ఊర మడుగుల్లో నిలిచిన నల్లనీటిని కిందికి తోసేంత మాత్రమే. ఇదీ మా ఊహ. అయితే అదే వాన మిల్లు వ్యర్థాలనూ తోసి ఉండవచ్చు. రాత్రి కొలతలు చేపలు ఎలా చచ్చాయో చెప్పాయి, ఎవరి వల్ల చచ్చాయో చెప్పలేదు.

మాంగనీసు అనే దారితప్పించే గుర్తు

నివేదికలో ఎర్రగీత పడింది మాంగనీసు ఒక్కదానికే కాబట్టి ఊళ్లో అందరి నోటా అదే మాట. విజయనగరం జిల్లాలో మాంగనీసు గనుల చరిత్ర 19వ శతాబ్దం చివరి నుంచీ ఉంది. అక్కడి కోడూరు గనుల పేరు మీద కోడురైట్ అని ఒక శిలకే పేరు పెట్టారు. కాబట్టి "గనుల నీళ్లు దిగుతున్నాయి" అనే మాటకు బలం వచ్చింది. తాగునీటిలో మాంగనీసుకు భారతీయ ప్రమాణం 0.1 మిల్లీగ్రాము, మరో నీటి వనరు లేనప్పుడు 0.3 వరకు అనుమతి. చేపలకు సంబంధించిన డి తరగతి ప్రమాణంలో అసలు మాంగనీసు ప్రస్తావనే లేదు.

ఈ నేలలో, ఈ ఇసుకలో మాంగనీసు సహజంగానే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు అది నలుపు, గోధుమరంగు పూతగా రాళ్లకు అంటుకుని ఉంటుంది. ఆక్సిజన్ పోతే కరిగి నీటిలోకి వస్తుంది. అంటే మాంగనీసు వచ్చి ఆక్సిజన్‌ను పోగొట్టలేదు, ఆక్సిజన్ పోయి మాంగనీసును కరిగించింది. దీన్ని పరీక్షించడం తేలిక. ఎగువన పారే నీటిలో, మడుగు పైపొరలో, మడుగు అడుగున విడివిడిగా నమూనాలు తీసి, అక్కడికక్కడే వడకట్టి పంపాం. మడుగు అడుగు నీటిలోనే ఎక్కువ ఉంది, ఎగువన దాదాపు లేదు. గనుల వాదన అక్కడితో ఆగింది.

నార తీసే ఆడవాళ్లను ముందే అడిగి ఉంటే సగం పని తప్పేది. కాళ్ల పట్టీలు నల్లబడుతున్నాయని, ప్రతి ఏటా నార తీసే రోజుల్లో ఇంతేనని వాళ్లు నవ్వుతూ చెప్పారు. వెండిని నల్లబరిచేది హైడ్రోజన్ సల్ఫైడు, కుళ్లిన గుడ్డు వాసన వేసేది అదే. ఆక్సిజన్ పూర్తిగా పోయిన అడుగుబురదలోనే అది పుడుతుంది.

ఇసుక అడుగులో పురుగుల లెక్క

నీటి అడుగున బతికే చిన్న జీవులు అక్కడే వారాలు, నెలలు ఉంటాయి. కిందటి నెల ఏం జరిగిందో సీసా చెప్పలేదు, అవి చెప్పగలవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జీవ ప్రమాణాల్లో ఈ జీవుల్లో ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 వరకు మార్కు ఇచ్చి సగటు తీస్తారు. మేఫ్లైలు అనే కాలుష్యాన్ని ఓర్వలేని నీటి పురుగుల్లో చాలా కుటుంబాలకు ఎక్కువ, ఎర్రపురుగులకు, బురద వానపాములకు తక్కువ. బ్రిటన్‌లో 1970ల్లో రూపుదిద్దుకున్న పద్ధతికి ఇది మన రూపం.

ఆ పద్ధతిలో వల పట్టి అడుగును తన్ని, తెల్ల ట్రేలో పోసి ఏరాం. అంతటా మార్కులు తక్కువే వచ్చాయి, ఏ కాలుష్యమూ లేని పక్క గెడ్డలో కూడా. కదిలే ఇసుకలో పట్టుకోవడానికి ఆధారం ఉండదు కాబట్టి శుభ్రమైన నీరైనా అక్కడ పురుగులు తక్కువ. స్టోన్‌ఫ్లైలు లేవు కాబట్టి నీరు చెడిందనడం ఈ మైదానంలో చెల్లదు. అవి చల్లని కొండ వాగుల జీవులు. ఈ మార్కులతో నివేదిక రాసి ఉంటే మొత్తం గెడ్డకు "తీవ్ర కాలుష్యం" అన్న ముద్ర పడేది, ఊరివాళ్లు దాన్ని మిల్లు మీద వేసేవాళ్లు, మిల్లు లాయరు పక్క గెడ్డ మార్కులు చూపించి కేసు కొట్టేయించేవాడు. ఆ చివరి సంగతి ఊహే అనుకోండి.

అప్పుడు ఆధారాన్ని మనమే ఇద్దామని నిర్ణయించుకున్నాం. వెదురు బుట్టల్లో కొండదిగువ నుంచి తెచ్చిన పిడికిలంత రాళ్లు కడిగి, ఎండబెట్టి, నింపి, గుంజలకు కట్టి నీళ్లలో పెట్టాం. ప్రతి చోటా అవే రాళ్లు, దాదాపు అదే లోతు, అదే నీడ. తేడా ఉంటే అది నీటి తేడాయే కావాలి. చోట్లు ఇవి: ఊర మడుగులకు ఎగువ, ఊర మడుగులో, ఊర మడుగులకూ మిల్లు కాలువకూ మధ్య, మిల్లు కాలువ కలిసిన వెంటనే, పెద్ద మడుగులో, చెక్‌డ్యాం దిగువన. పక్క గెడ్డలో కూడా. నెల దాటాక తీశాం. పిల్లలు ఒక బుట్టను చేపల బుట్టనుకుని పట్టుకెళ్లారు, రాళ్లు చూసి నిరాశపడి ఉంటారు.

ఎగువ బుట్టలో మూడు తోకల మేఫ్లైలు, రాళ్ల మధ్య చిన్న వలలు అల్లుకునే క్యాడిస్ లార్వాలు, తూనీగ పిల్లలు, చిన్న రొయ్యలు ఉన్నాయి. పక్క గెడ్డ బుట్టలోనూ ఇంచుమించు ఇవే. ఊర మడుగులో ఎర్రపురుగులు, వానపాములు, గొట్టం పైకి పెట్టి గాలి పీల్చుకునే పురుగులు మాత్రమే. ఎర్రపురుగు రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే అది ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉన్న చోట నెట్టుకురాగలదు. మిల్లు కాలువకు ఎగువనే, అంటే మిల్లు నీరు ఇంకా కలవని చోటనే, క్యాడిస్‌లు లేవు. నత్తలు, కొద్దిపాటి ఓర్పున్న మేఫ్లైలు మిగిలాయి. కాబట్టి గెడ్డ మిల్లును చేరకముందే దెబ్బతింది.

మిల్లు కలిసిన చోటి బుట్ట ఆశ్చర్యపరిచింది. కాలువకు కాస్త పైనున్న మధ్య బుట్ట కన్నా పెద్దగా అధ్వానంగా లేదు. నీటిలో కరిగిన లవణాలు ఎంతో చెప్పే విద్యుత్ వాహకత మీటరు పట్టుకుని కాలువ వెంట నడిచినా పెద్ద మార్పు కనబడలేదు. కారణం ఎవరిని అడిగినా తెలిసేదే. ఖరీఫ్ ధాన్యం ఇంకా కోతకు రాలేదు, మిల్లు దాదాపు ఖాళీగా ఉంది. చేపలు చచ్చిన వారంలో గొట్టంలో పొగ లేదని, తూకం యంత్రం దగ్గర లారీలు లేవని పక్క పొలం రైతులే చెప్పారు. మిల్లు మీద కోపం ఉన్నవాళ్లే ఆ మాట చెప్పడం వల్ల దానికి విలువ ఎక్కువ.

అయితే మిల్లును వదిలేయలేదు. కోతలయ్యాక, మిల్లు పూర్తిగా నడుస్తున్న జనవరిలో, బుట్టలు మళ్లీ అవే చోట్ల పెట్టాం. ఊరవేయడం ముగిసింది కాబట్టి ఇప్పుడు ఎగువన అంతా కోలుకుంది. మిల్లు కాలువ కింద మాత్రం రాళ్ల నిండా బూడిదరంగు దూదిలాంటి బాక్టీరియా జిగురు పట్టింది. పిండిపదార్థం ఉన్న వ్యర్థనీరు పడే చోట కనిపించే గుర్తు అది. వాహకత కాలువ కలిసిన చోట ఒక్కసారిగా పెరిగింది. అక్టోబరులో ఒకరు, జనవరిలో మరొకరు. రెండు కాలాల్లో పని చేయకపోయి ఉంటే ఈ ఇద్దరినీ వేరు చేయలేకపోయేవాళ్లం.

ఏం చేయబోయి కుదరలేదు

చేపలు తేలిన రెండో రోజే ఎవరో చెరువు సాగు అలవాటుతో మడుగులో సున్నం చల్లారు. మేము వెళ్లాక మళ్లీ చల్లుదామని సంఘంలో కొందరు పట్టుబట్టారు. వద్దని చెప్పడానికి కారణం ఉంది. కుళ్లే మడుగులో అమ్మోనియా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అందులో విషపూరితమైన రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, పీహెచ్ 9కి చేరితే నూటికి 45 దాకా ఉంటుంది. మధ్యాహ్నం నాచు వల్ల పీహెచ్ ఎలాగూ పెరుగుతుంది, దానికి సున్నం తోడైతే ఊపిరాడక బతికిన చేప విషంతో పోతుంది.

ఊరవేయడం ఆపేయాలని గెడ్డలో బోర్డు పెట్టించాలన్నది సంఘం రెండో కోరిక. నేను ఒప్పుకోలేదు. గోగు రైతుకు వేరే నీరు చూపించకుండా బోర్డు పెడితే, వాళ్లు రాత్రిపూట ఊరవేస్తారు, మనకు కొలవడానికి కూడా ఉండదు. ఊళ్లో సమావేశం పెట్టి చేపల సంగతి, బుట్టల సంగతి చెప్పాం. గోగు రైతులు మర్యాదగా విని వెళ్లిపోయారు. మడుగు చేపల మీద వాళ్లకు హక్కు లేదు, వాళ్లకు లేని ఆస్తి నష్టం గురించి మనం వాళ్లకు ఎంత చెప్పినా అది పరాయి బాధే. గుంతలు తవ్వి, టార్పాలిన్ పరిచి వాటిలో ఊరవేయించే ఆలోచన ఖర్చు లెక్క వేసిన రోజునే పోయింది.

పనిచేసినవి

దారి నార రంగులో దొరికింది. ఊర నీరు నల్లబడి, కదలకుండా ఉంటే నార కూడా నల్లబడుతుంది, గ్రేడు పడిపోతుంది, ధర తగ్గుతుంది. ఇది రైతులకు మా కన్నా బాగా తెలుసు. అయితే ప్రతివాళ్లూ గెడ్డలోని అదే నాలుగైదు మడుగుల్లో కట్టల మీద కట్టలు వేయడం వల్ల ఆ నీరు తమ కట్టలకే చాలడం లేదన్నది ఎవరూ లెక్క వేయలేదు. ఊరవేసే కట్టె బరువుకు సుమారు 20 రెట్లు నీరు ఉండాలన్నది సాధారణ సిఫారసు. ఒక మడుగు కొలిచి, అందులో ఉన్న కట్టలు లెక్కపెట్టి చూపిస్తే అది దగ్గరదాపుల్లో కూడా లేదు. అప్పటినుంచి మాట చేపల మీద నడవలేదు, నార మీద నడిచింది.

మరుసటి సీజనుకు మూడు మార్పులు జరిగాయి. గెడ్డ పక్కనే, గట్టుకు బయట, రైతులు ఉమ్మడిగా ఊర గుంతలు తవ్వుకున్నారు. నీరు గెడ్డ నుంచి వస్తుంది కాని తిరిగి గెడ్డలో పడదు, నార తీశాక ఆ నీటిని ఖాళీ మళ్లలోకి వదులుతారు. కొందరు బారక్‌పూర్‌లోని జనపనార పరిశోధన సంస్థ రూపొందించిన క్రైజాఫ్ సోనా సూక్ష్మజీవుల పొడి వాడారు. ఊర త్వరగా అవుతుంది కాబట్టి ఒకే గుంతలో రెండో విడత వేసుకునే వీలు కలిగింది, అందుకే అది నచ్చింది. మూడోది చెక్‌డ్యాంది. దాని మదుము పలకలు పూర్తిగా మూసేసే అలవాటు ఉండేది. అడుగు పలక ఒకటి ఎత్తి ఉంచితే మడుగు అడుగునున్న చెడ్డ నీరు మెల్లగా కదులుతుందని, పైనుంచి పొర్లిస్తే మంచి నీరే పోయి చెడ్డది మిగులుతుందని చెప్పాం. అయితే తీసే వేళ పగలే ఉండాలి, కొద్దికొద్దిగా ఉండాలి. ఒక్కసారి ఎత్తితే ఆ నల్లనీరు దిగువ ఊరి చేపలను చంపుతుంది.

ఈ మూడింటిలో ఏది ఎంత పనిచేసిందో విడగొట్టి చెప్పలేను, మూడూ ఒకే ఏడాది చేశారు కాబట్టి. ఒక్కొక్కటిగా చేయించి ఉంటే నాకు తెలిసేది, కాని ఊరికి మరో రెండేళ్లు పట్టేది. మధ్య బుట్టలో క్యాడిస్‌లు తిరిగొచ్చాయి. మడుగులో తెల్లవారుజాము ఆక్సిజన్ 4 దాటి ఉండడం మామూలైంది, మబ్బు పట్టిన రోజుల తర్వాత మాత్రం ఇప్పటికీ దిగుతుంది. వరి పొలాల యూరియా గురించి ఇంకా ఎవరితోనూ మాట తెగలేదు, నాచు మొలకెత్తడానికి అది చాలు.

ఇలాంటి కేసు చేపట్టేవారికి కొన్ని మాటలు

నమూనా సీసా మీద చోటు పేరు రాసినట్టే గంట, ఉష్ణోగ్రత, మబ్బు ఉందా లేదా అన్నవి రాయండి. మడుగైతే సూర్యోదయానికి ముందు ఒక్కసారైనా కొలవండి, అది కుదరకపోతే కరిగిన ఆక్సిజన్ అంకెను నివేదికలో పెట్టకపోవడమే మేలు, దాన్ని చూపించి ఎవరో ఒకరు నీరు బాగుందంటారు. పురుగుల మార్కులు ఏ పుస్తకం నుంచి తీసుకున్నా, అదే రకం అడుగున్న మంచి గెడ్డ ఒకటి దగ్గరలో వెతికి దానితో పోల్చండి. చేపలు చచ్చిన చోట ఏవి బతికాయో తప్పకుండా అడగండి. ఫిర్యాదు చేసినవాళ్లను, ఫిర్యాదుకు గురైనవాళ్లను, ఆ నీళ్లలో దిగి పని చేసే ఆడవాళ్లను విడివిడిగా అడగండి, ఒకే సమావేశంలో అడిగితే గొంతు పెద్దవాళ్ల జవాబే వస్తుంది.

మిల్లు కాలువ సంగతి వేరే ఫైలుగా రాశాం. అందులో అక్టోబరు చేపల ప్రస్తావన ఒక్కటే పేరాలో ఉంది, దానికి మిల్లు బాధ్యత కాదన్న మాటతో సహా. ఆ మాట ఎందుకు రాశారని సంఘం వాళ్లు నిష్ఠూరమాడారు. అది రాయకపోతే, పొగ లేని వారం లారీల లెక్క తెచ్చి మిల్లువాళ్లు మొత్తం నివేదికను తోసిపుచ్చేవాళ్లు. జనవరి బుట్టల ఫొటోలు, కాలువకు పైనా కిందా వాహకత అంకెలు, మూడు రోజుల పాటు 27 డిగ్రీల దగ్గర ఉంచి తీసిన బీవోడీ, ఆ రోజుల్లో మిల్లు నడిచిందన్న సంగతి, ఇవన్నీ కలిపి సంబంధిత కార్యాలయానికి ఇచ్చాం. వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. మిల్లువాళ్లు ఒక కుండీ కట్టారు, నీరు ఇంకా దాని పక్కనుంచే పోతోంది. వచ్చే జనవరికి కాలువ కింద బుట్టలు మళ్లీ పెడుతున్నాం.